బజ్జీల పొట్లంలో ఆధార్ కార్డు

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో పాత కంప్యూటర్ల గురించి ఒక పెద్ద ఐటమ్ వేశారు. విండోస్ 10 కి 2025 అక్టోబర్ 14 తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, నెట్‌కి తగిలించి వాడితే రిస్కు, విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో జనరేషన్ నుంచి ఉండాలి, లేనివాళ్ళు కొత్తది కొనుక్కోవడమే అని. తప్పు రాశారని అనట్లేదండి. కానీ కొత్తది కొనడానికీ, దేవుడి మీద భారం వేసి పాతదే వాడటానికీ మధ్యలో లైనక్స్ అని, విండోస్ బదులు ఫ్రీగా వేసుకునే ఆపరేటింగ్ సిస్టం, ఇంకో దారి ఉంది, అరపేజీ ఐటమ్‌లో దాని గురించి ఒక్క లైను కూడా లేదు, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగే అయ్యింది, కత్తిరించుకుంటే కత్తిరించుకోండి, కానీ బజ్జీల సంగతి మాత్రం ఉంచండి.

నాది మధిరలో జిరాక్స్ షాపు. జిరాక్స్, డీటీపీ, ఆన్‌లైన్ అప్లికేషన్లు, లామినేషన్, పరీక్షల సీజన్లో పిల్లల ఫారాలు, పెళ్ళిళ్ళ సీజన్లో శుభలేఖలు. పద్దెనిమిదేళ్ళ నుంచి ఇదే పని. నాలుగు కంప్యూటర్లు ఉన్నాయి, అందులో మూడింట్లో ఇప్పుడు లైనక్స్. నేనేమీ సాఫ్ట్‌వేర్ చదివినోణ్ణి కాదు, డిగ్రీ బీకాం, అది కూడా రెండు సప్లిమెంటరీలతో.

రెండేళ్ళ కిందట వానల్లో ఒక సాయంత్రం బస్టాండ్ దగ్గర మిరపకాయ బజ్జీలు కట్టించుకొచ్చాను. రెండు తిన్నాక చూస్తే కాగితం నూనెకి నాని అవతలి వైపు ఎవరిదో మొహం కనబడుతోంది. తిప్పి చూస్తే ఆధార్ జిరాక్స్. పేరు, పుట్టిన తేదీ, డోర్ నంబరుతో సహా అడ్రసు, పన్నెండంకెలు, అన్నీ నూనెలో ఇంకా బాగా మెరుస్తున్నాయి. ఎవరి షాపు వేస్టో పాపం అనుకునే లోపే ఎడమ పక్కన సన్నటి నల్ల గీత కనబడింది. అప్పట్లో నా మిషన్ డ్రమ్ము మీద గీత పడింది, ప్రతి కాపీ మీదా సరిగ్గా అక్కడే ఆ గీత వచ్చేది, మార్పిద్దాం మార్పిద్దాం అని నాలుగు నెలలు లాగాను. ఆ కాగితం నా షాపులోంచి వచ్చిందేనండి. పాడైన కాపీలన్నీ మూల అట్టపెట్టెలో వేస్తాం, నిండాక కిలోల లెక్కన పాతపేపర్లోడికి, వాడి దగ్గర్నించి బజ్జీల బండికి. ఆ కార్డు మనిషి కూడా నాకు తెలుసు, పెన్షన్ కాగితాల కోసం నెలకోసారైనా వచ్చే పెద్దాయన, నన్ను అబ్బాయ్ అంటాడు. మిగతా బజ్జీలు తినబుద్ధి కాలేదు.

మర్నాడే కాగితాలు చింపే చిన్న మిషన్ ఒకటి తెప్పించాను, అది పెద్ద పని కాదు. కానీ రాత్రి షాపు మూసేటప్పుడు ఒక అనుమానం తగులుకుంది, కాగితం సరే, కంప్యూటర్లో ఎన్ని ఉన్నాయో అని. కస్టమర్లు కూర్చునే సిస్టంలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూస్తే కళ్ళు తిరిగాయి. ఈ-ఆధార్‌లు, పాన్ కార్డులు, కుల సర్టిఫికెట్లు, టెన్త్ మెమోలు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు, ఎవరిదో గర్భసంచి స్కానింగ్ రిపోర్టు కూడా. మూడేళ్ళవి. ఈ-ఆధార్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా అంటారేమో, ఆ పాస్‌వర్డ్ ఏంటో ప్రతి జిరాక్స్ షాపోడికీ తెలుసు, పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు క్యాపిటల్స్‌లో, పక్కన పుట్టిన సంవత్సరం. ఫైలు పేరే మనిషి పేరైనప్పుడు ఇంక ఆ తాళం ఎందుకు, తాళంచెవి గుమ్మానికే వేలాడుతుంటే.

ఇక్కడ ఒక సంగతి గుర్తు చెయ్యాలి. 2022 మే నెలాఖరులో ఆధార్ సంస్థ బెంగళూరు ఆఫీసు నుంచి ఒక ప్రకటన వచ్చింది, ఆధార్ జిరాక్స్ ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వొద్దు, ఆఖరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, నెట్ సెంటర్లలో ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చెయ్యకండి, చేస్తే ఆ కంప్యూటర్లోంచి పూర్తిగా తీసెయ్యండి అని. జనం భయపడుతున్నారని, తప్పుగా అర్థం చేసుకుంటున్నారని రెండ్రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. నాకు మాత్రం అందులో ప్రతి మాటా నా షాపుని చూసి రాసినట్టే అనిపించింది. మాస్క్‌డ్ ఆధార్ సౌకర్యం ఇప్పటికీ ఉంది, మా దగ్గర దాన్ని అడిగి ప్రింటు తీసుకున్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

సరే, ఫైళ్ళు తీసేశాను. కానీ అసలు చెప్పాల్సింది ఇది కాదు. ఆ ఫైళ్ళన్నీ ఉన్న కంప్యూటర్ ఏంటి? దొంగ విండోస్, దొంగ ఎంఎస్ ఆఫీసు, దొంగ ఫొటోషాప్. నా ఒక్కడి దగ్గరే కాదు, ఏ చిన్న టౌన్‌కైనా వెళ్ళి ఏ షాపులోనైనా చూడండి. వీటిని డబ్బు కట్టకుండా నడిపించే క్రాక్ ప్రోగ్రామ్ వేసేటప్పుడు మొదటి మెట్టు ఏంటో తెలుసా, యాంటీవైరస్ ఆపెయ్యమంటాడు. మనం కూడా బుద్ధిగా ఆపేస్తాం. ముక్కూ మొహం తెలియనోడు ఎక్కడో కూర్చుని రాసిన ప్రోగ్రామ్‌కి ఇంటి తాళాలన్నీ చేతిలో పెట్టి, ఊరందరి ఆధార్‌లూ పాస్‌బుక్కులూ ఆ ఇంట్లోనే దాస్తున్నాం. వాడు అంత కష్టపడి ఫ్రీగా ఎందుకిస్తున్నాడని పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు నేను, నిజంగా సిగ్గుగా ఉంది. 2017 మే లో వాన్నాక్రై అనే వైరస్ వచ్చి ఫైళ్ళకి తాళాలేసి డబ్బులు అడిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి, పోలీసులకే దిక్కులేకపోతే జిరాక్స్ షాపు ఎంత. 2018 లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డుల వ్యాపారి ఒకాయన భూముల రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలు తీసి రబ్బరు ముద్రలు చేసి వేరేవాళ్ళ పేరుమీద సిమ్‌లు యాక్టివేట్ చేశాడని దొరికాడు. అంటే కాగితం మీది ముద్రకి కూడా గిరాకీ ఉంది, మనం వేస్టు అనుకునేది ఇంకొకడికి సరుకు.

మా మేనల్లుడు హైదరాబాద్‌లో పనిచేస్తాడు, దసరాకి వచ్చినప్పుడు ఇదంతా వాడికి చెప్పుకున్నాను. వాడు నవ్వి "మామయ్యా, ఇన్ని దొంగ తాళాలెందుకు, అసలు తాళమే ఫ్రీగా దొరుకుతుంటే" అని పెన్‌డ్రైవ్‌లో లైనక్స్‌లో ఒక రకమైన లైనక్స్ మింట్ వేసి తెచ్చాడు. ఇందులో మంచి ఏంటంటే ముందే ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, పెన్‌డ్రైవ్ పెట్టి దాన్నించే కంప్యూటర్ ఆన్ చేసి వాడి చూడొచ్చు, నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేసి మామూలుగా ఆన్ చేసుకోవడమే, లోపల ఉన్నది ఎక్కడిదక్కడే ఉంటుంది. నాలుగో జనరేషన్ ఐ3, 4 జీబీ ర్యామ్, ఆన్ చేసి టీ తాగొచ్చేలోపు తెరుచుకునే పాత సిస్టం నాది. దాంట్లో పదిహేను వందలు పెట్టి హార్డ్ డిస్కు బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయించి మింట్ ఎక్కిస్తే అర నిమిషంలో రెడీ అవుతోంది. కిందపక్క మెనూ, మూల టైము, అంతా పాత విండోస్ 7 లాగే ఉంటుంది, కస్టమర్లలో సగం మంది తేడానే గమనించలేదు, ఇంకొంతమంది "కొత్తది కొన్నావా అన్నా" అన్నారు.

నా షాపుకి మాత్రం దేవుడిచ్చిన వరం లాంటిది గెస్ట్ సెషన్. మింట్‌లో లాగిన్ విండో సెట్టింగ్స్‌లో ఒక టిక్కు పెడితే చాలు. కస్టమర్ పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా లోపలికొస్తాడు, డౌన్‌లోడ్ చేసుకుంటాడు, ప్రింటు ఇచ్చుకుంటాడు, బయటికి రాగానే వాడు పెట్టిన ఫైళ్ళు, బ్రౌజర్లో లాగిన్లు, హిస్టరీ అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. తర్వాత కూర్చున్నవాడికి పలక కడిగినట్టు ఉంటుంది. వెనకటికి ఒకమ్మాయి తన మెయిల్ లాగౌట్ చెయ్యకుండా వెళ్ళిపోతే తర్వాత వచ్చిన కుర్రాడు అందులో ఫొటోలు చూస్తూ పట్టుబడ్డాడు, నా షాపులోనే. ఆ భయం ఇప్పుడు లేదు. అయితే దీనికీ ఓ దెబ్బ తగిలింది, మొదటి వారంలో ఒక ఇంటర్ కుర్రాడు రెండు గంటలు కూర్చుని ప్రాజెక్టు టైప్ చేసి, సేవ్ కూడా చేసుకుని, లాగౌట్ కొట్టి, మర్నాడొచ్చి "అన్నా నా ఫైలేది" అన్నాడు. ఏం చెప్పను. నేనే కూర్చుని మళ్ళీ టైప్ చేసిచ్చాను, ఆ రోజే ఎర్రక్షరాలతో బోర్డు రాసి మానిటర్ నెత్తిన అంటించాను, "బయటికి వస్తే మొత్తం పోతుంది, పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి" అని.

వాట్సాప్ మాత్రం ఇంకా తలనొప్పే. జనం షాపు నంబరుకి ఆధార్ పంపేస్తారు, ప్రింటు తీసుకుని వెళ్ళిపోతారు, అది నా ఫోన్లో అలాగే ఉండిపోతుంది. ఇప్పుడు ప్రింటు అవ్వగానే వాళ్ళ ముందే నా దాంట్లో తీసేస్తున్నాను, వాళ్ళని కూడా డిలీట్ ఫర్ ఎవ్రీవన్ నొక్కమంటున్నాను. కొందరు నన్ను వింతగా చూస్తున్నారు, "మా కార్డు ఎవడు ఎత్తుకుపోతాడయ్యా, మా దగ్గరేముందని" అంటారు. ఏముందో చూసుకోండి మరి, వేలిముద్ర వేస్తే డబ్బులొచ్చే ఖాతా ఉంది, రెండెకరాల పాస్‌బుక్కు ఉంది, పేరుమీద ఇంకో సిమ్ తీసుకునే వీలుంది.

లైనక్స్ లాంటివాటిని ఓపెన్ సోర్స్ అంటారు, అంటే ఏంటని మా షాపు పక్క మెడికల్ షాపాయన అడిగాడు, ఫ్రీగా ఇస్తున్నాడంటే వాడికీ ఏదో స్వార్థం ఉండదా, ఇందాక క్రాక్ గురించి నువ్వే కదా అన్నావు అని. మంచి ప్రశ్నే. తేడా ఏంటంటే క్రాక్‌లో ఏం రాశాడో ఎవడికీ కనబడదు, దీంట్లో రాసిన ప్రతి లైనూ బయటే ఉంటుంది, చదివే ఓపికా తెలివీ ఉన్నవాడు ఎవడైనా చదవొచ్చు. నేను చదవలేను, ఒప్పుకుంటా. కానీ చదివేవాళ్ళు ఉంటారు. 2024 మార్చిలో జరిగింది చెప్తాను. ఎక్స్‌జెడ్ (XZ) అని ఫైళ్ళు కుదించే చిన్న ప్రోగ్రాం, లైనక్స్ కంప్యూటర్లన్నింట్లో ఏదో మూల ఉంటుంది, దాన్ని ఒక్కడే ఖాళీ టైంలో చూసుకుంటుండేవాడు, ఇంకొకడు వచ్చి రెండేళ్ళకి పైగా బుద్ధిమంతుడిలా సాయం చేసి నమ్మకం సంపాదించి చివరికి అందులో దొంగదారి పెట్టాడు. దాన్ని పట్టుకున్నది ఎవరో తెలుసా, మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, లాగిన్ అవ్వడానికి అర సెకను ఎక్కువ పడుతోందేంటి అని అనుమానమొచ్చి తవ్వుకుంటూ వెళ్ళాడు. మామూలు జనం వాడే వెర్షన్లలోకి పెద్దగా చేరకముందే ఆపేశారు. కాబట్టి లైనక్స్‌లోకి దొంగలు రారని నేననను, వచ్చారు కూడా. వచ్చినప్పుడు పక్కింటివాడు తొంగిచూసే వీలుంది, అంతే తేడా, నాకు ఆ తేడా చాలు.

రోజువారీ పనికొస్తే, ఎంసెట్ అప్లికేషన్ల టైంలో, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు లెండి, ఫొటో ఇన్ని కేబీల్లోపు, సంతకం ఇన్ని కేబీల్లోపు అని అడుగుతారు కదా. ముందు ఒక్కో ఫొటో ఫొటోషాప్‌లో తెరిచి సైజు తగ్గించి సేవ్ చేసేవాళ్ళం. ఇప్పుడు ఇమేజ్‌మ్యాజిక్ అని ఒక ప్రోగ్రాం ఉంది, ఫొటోలన్నీ ఒక ఫోల్డర్లో వేసి ఒక్క లైను కమాండ్ కొడితే నలభై ఫొటోలు కన్నుమూసి తెరిచేలోపు తయారు. ఆ లైను మేనల్లుడు ఒక చీటీ మీద రాసిచ్చాడు, దాన్ని లామినేషన్ చేయించి కీబోర్డు పక్కన పెట్టుకున్నాను. ఫొటో బ్యాక్‌గ్రౌండ్ మార్చడానికి గింప్, ఉత్తరాలకీ అర్జీలకీ లిబ్రె ఆఫీసు. వర్డ్‌లో చేసిన ఫైళ్ళు లిబ్రె ఆఫీసులో తెరిస్తే టేబుళ్ళు ఒక్కోసారి జరుగుతాయి, అబద్ధం చెప్పను, అందుకే ఎవరికైనా పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపుతున్నాం.

తెలుగు టైపింగ్ గురించే నేను ఎక్కువ భయపడ్డాను. నా దగ్గర పనిచేసే అమ్మాయి పదేళ్ళుగా ఆపిల్ కీబోర్డ్ లేఔట్‌లోనే టైప్ చేస్తుంది, చూడకుండా కొడుతుంది, వేళ్ళకే అక్షరాలొచ్చు. లైనక్స్‌లో ఇన్‌స్క్రిప్ట్, ఆర్టీఎస్, పోతన వీటితో పాటు తెలుగు ఆపిల్ లేఔట్ కూడా ఉంది, ఐబస్ అని కీబోర్డు మార్చే ప్రోగ్రాంలో ఎంచుకోవడమే. రెండ్రోజులు కొన్ని ఒత్తుల దగ్గర తడబడింది, "అన్నయ్యా నా వల్ల కాదు, పాతదే పెట్టు" అంది, మూడో రోజు నుంచి మామూలే. ఫాంట్లు కూడా మండలి, రామభద్ర, గురజాడ, సూరన్న అని ఎన్నో యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగు తెలుగులాగే కనబడే పద్ధతిలో, ఫ్రీగా దొరుకుతున్నాయి.

మరి నాలుగో కంప్యూటర్లో ఇంకా విండోస్ ఎందుకుందంటే, శుభలేఖల కోసం. పాత డీటీపీ ఫాంట్లు, పేరు రాయక్కర్లేదు, ఈ ఫీల్డులో ఉన్నవాళ్ళకి తెలుసు. అవి యూనికోడ్ కావు, ఇంగ్లీషు అక్షరాల గూళ్ళల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టినవి, ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే చెత్త చెత్త గుర్తులు కనబడతాయి. పద్దెనిమిదేళ్ళ శుభలేఖలు, కరపత్రాలు, గృహప్రవేశం కార్డులు అన్నీ వాటిల్లోనే ఉన్నాయి, జనం వచ్చి "మా పెద్దోడి కార్డులాగే చిన్నోడికీ వెయ్యి" అంటారు. పైగా యూనికోడ్ ఫాంట్లలో ఆ లావు లావు అలంకారం అక్షరాలు తక్కువ. అందుకని ఆ ఒక్క సిస్టంకి నెట్ వైరు పీకేసి పక్కన పెట్టాను, అందులో శుభలేఖలు తప్ప ఎవరి కాగితాలూ ఎక్కవు. ఇది నా చేతకానితనమే అనుకోండి, కానీ నాది ఒక్కడిదేనా? మీ పేపర్ సంగతి చూడండి. నిన్న మీ ఈ-పేపర్లో మా మండలం వార్త ఒకటి కాపీ చేసి నోట్స్‌లో పెడితే ఇంగ్లీషు అక్షరాల గుట్ట వచ్చింది. పదేళ్ళ కిందటి మీ వార్త ఎవరైనా వెతకాలంటే ఎలా దొరుకుతుంది? మీ సైటులోకి వెళ్తే ఇంకో సంగతి, నేను ఫైర్‌ఫాక్స్‌లో యాడ్లనీ, మనం ఏం చూస్తున్నామో కనిపెట్టే ట్రాకర్లనీ ఆపే యూబ్లాక్ ఆరిజిన్ వేసుకున్నాను, ఎన్నింటిని ఆపిందో నంబరు చూపిస్తుంది, ప్రైవసీ మీద మీరు రాసిన ఆర్టికల్ చదువుతుంటే పక్కన ముప్పై ఏడు చూపించింది. కోప్పడకండి, నవ్వొచ్చింది కాబట్టి రాశాను.

ఇబ్బందులు ఇంకా ఉన్నాయి. మా దగ్గరున్న చిన్న లేజర్ ప్రింటరుకి లైనక్స్ డ్రైవరు సరిగ్గా కుదరక మూడు రాత్రులు నిద్రపోలేదు, ఆఖరికి దాన్ని విండోస్ సిస్టంకి ఇచ్చేసి సెకండ్‌హ్యాండ్‌లో నెట్‌వర్క్ ప్రింటరు ఒకటి కొన్నాను, అది తగిలించగానే దానంతటదే దొరికింది. స్కానరు ఏ గొడవా లేకుండా పనిచేసింది. వేలిముద్ర మిషన్ మాత్రం కదల్లేదు, ఆ పని ఫోన్లో చేస్తున్నాను. కొన్ని సైట్లు డిజిటల్ సిగ్నేచర్ కోసం విండోస్ ప్రోగ్రామే వేసుకోమంటాయి, అలాంటి పనొస్తే పక్క వీధి షాపుకి పంపేస్తున్నా, నెలకి ఓ వెయ్యి రూపాయలు పోతుందేమో. లైనక్స్‌కి మారితే అన్నీ హాయి అని ఎవరైనా చెప్తే నమ్మకండి.

కానీ ఆ ఇబ్బందుల్లో సగం మనవాళ్ళు తలచుకుంటే పోయేవే. కేంద్ర ప్రభుత్వం 2015 లోనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని పాలసీ పెట్టింది. కేరళలో సర్కారు బళ్ళల్లో చాలా ఏళ్ళుగా లైనక్స్ మీదే కంప్యూటర్ పాఠాలు చెప్తున్నారు, కైట్ అనే వాళ్ళ సంస్థే మలయాళంతో సహా తయారుచేసి ఇస్తుంది, టీచర్లకీ వాళ్ళే ట్రైనింగు. మనకేం తక్కువ? హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు తెలుగులో ఆపరేటింగ్ సిస్టం చేశారు, పిల్లల కోసం బాలస్వేచ్ఛ అని చేశారు, మా ఊళ్ళో దాని పేరు విన్న టీచరు ఇంతవరకూ నాకు కనబడలేదు. విండోస్ 10 ఆగిపోయిందని బళ్ళల్లో, ఆఫీసుల్లో మూలన పడేసే కంప్యూటర్లు ఉంటాయి కదా, వాటి గురించి మీ విలేకర్లు ఒక్కసారి కనుక్కుంటే బాగుంటుంది.

ప్రైవసీ ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24 న తొమ్మిది మంది జడ్జీలూ ఒక్కమాటగా చెప్పారు. 2023 లో డేటా రక్షణ చట్టం వచ్చింది, రూల్స్ 2025 నవంబర్లో వచ్చాయి, అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల టైమిచ్చారు. జరిమానా 250 కోట్ల దాకా అంట. నా షాపు, ఇల్లు, బండి, మా ఆవిడ గాజులు అన్నీ అమ్మినా అందులో పైసా వంతు రాదు. చట్టం జిరాక్స్ షాపు దాకా వస్తుందో రాదో లాయర్లు చెప్పాలి, కానీ కాగితాలు మాత్రం రోజూ జిరాక్స్ షాపు దాకానే వస్తున్నాయి కదండి.

ఈసారి మీరు పాత కంప్యూటర్ల మీద రాసేటప్పుడు ఆ పెన్‌డ్రైవ్ సంగతి నాలుగు లైన్లు వెయ్యండి. ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసుకోమనండి, ఉన్న ఫైళ్ళు బయట ఎక్కడైనా కాపీ పెట్టుకున్నాకే ఇన్‌స్టాల్ చెయ్యమనండి, ప్రింటరు పనిచేస్తుందో లేదో ముందే చూసుకోమనండి, నాలాగా మూడు రాత్రులు మేలుకోకుండా. మధిర చుట్టుపక్కల వాళ్ళయితే 8 జీబీ పెన్‌డ్రైవ్ పట్టుకుని నా షాపుకి రావొచ్చు, వేసిస్తాను, డబ్బులొద్దు. పొద్దున పదకొండు లోపు రావాలి, తర్వాత రష్ ఉంటుంది.

నా పేరు వెయ్యకండి, మధిర అని వేస్తే చాలు. ఆ పెద్దాయన మొన్న కూడా వచ్చాడు, లైఫ్ సర్టిఫికెట్ పని మీద, "నీ దగ్గరైతే నాకు నిశ్చింత అబ్బాయ్" అని ఆధార్ కార్డు నా చేతిలో పెట్టి టీకి వెళ్ళాడు. బజ్జీల సంగతి ఆయనకి నేనింకా చెప్పలేదు.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు ఓనరు, మధిర